పెళ్లికార్డు చేతిలో పట్టుకుని మానిటర్ కొన్నాం

మానిటర్ కొనడానికి బయల్దేరినప్పుడు బ్యాగులో పెట్టుకున్నవి ఇవి: మా ల్యాప్‌టాప్, ఒక డిస్‌ప్లేపోర్ట్ కేబులు, పరీక్ష ఫైళ్లున్న పెన్‌డ్రైవ్, ఇదివరకే ప్రెస్సులో అచ్చయి వచ్చిన రెండు జాబులు (అచ్చు పనులు). ఆ జాబుల్లో ఒకటి పెళ్లికార్డు, రెండోది చీరల క్యాటలాగు షీటు. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ రెండు కాగితాలే. స్పెసిఫికేషన్లు చదివితే ప్రతి మానిటరూ మంచిదే. అచ్చయిన షీటు పక్కన పట్టుకుని దాని ఫైలు తెరిస్తే, ఏ తెర అచ్చు రంగుకు నిజానికి ఎంత దూరంలో ఉందో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

హిమాయత్‌నగర్‌లోని మా డిజైన్ స్టూడియోలో రెండు సీట్లకు, అంటే పనిచేసే రెండు టేబుళ్లకు, మానిటర్లు కావలసి వచ్చాయి. ఒక సీట్లో పెళ్లికార్డులు, పుస్తకాల అట్టలు, చీరల క్యాటలాగులు చేస్తాం. ఆ పనంతా చివరికి కాగితం మీదకు చేరేది. రెండో సీట్లో మొబైల్ యాప్‌లు, వెబ్‌సైట్లు. అవి తెర మీద పుట్టి తెర మీదే ఉంటాయి. రెండు సీట్లకూ ఒకే మోడల్ తీసుకుంటే సులువనిపిస్తుంది గానీ, ఈ రెండు పనులకు కావలసిన రంగుల పరిధి ఒకటి కాదు. ముందు ఆ లెక్క తేల్చుకోకుండా దుకాణానికి వెళ్తే, అక్కడ ఏది మిలమిల మెరిస్తే దాన్నే ఇంటికి తెచ్చుకుంటాం.

రంగుల పరిధిని చెప్పడానికి మూడు పేర్లు వినిపిస్తాయి. ఎస్‌ఆర్‌జీబీ 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించినది. వెబ్ దాదాపు అంతా దీని మీదే నడుస్తోంది. 1998 నాటి అడోబ్ ఆర్‌జీబీ పచ్చ, నీలిపచ్చల వైపు ఇంకా దూరం వెళ్తుంది. పీ3 సినిమా ప్రొజెక్టర్ల కోసం పుట్టి ఇప్పుడు ఖరీదైన ఫోన్లన్నిటిలోకీ వచ్చింది. ఇందులో ఎరుపు, నారింజ ఎక్కువ. అచ్చు పనికి వచ్చే చిక్కు సయాన్ (అచ్చులో వాడే నీలిపచ్చ ఇంకు) దగ్గర ఉంది. మంచి ఆర్ట్ పేపర్ మీద వందశాతం సయాన్ ఇంకు పడితే వచ్చే రంగు ఎస్‌ఆర్‌జీబీ పరిధికి బయట ఉంటుంది. ఆ పరిధికే పరిమితమైన తెర దాన్ని చూపించలేదు. చీరల వాళ్లు రామా గ్రీన్ అనే రంగు, నెమలికంఠం రంగు సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంటాయి. ఎస్‌ఆర్‌జీబీ తెర మీద అవి చప్పగా కనిపిస్తాయి, డిజైనర్ సయాన్ ఇంకాస్త పెంచుతాడు, షీటు మీదకు వచ్చాక చీర రంగు మితిమీరిపోతుంది. అందుకే అచ్చు సీటుకు అడోబ్ ఆర్‌జీబీని 99 శాతం చూపే మానిటరే తీసుకోవాలని ముందే నిర్ణయించుకున్నాం. బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ సిరీస్, ఐజో కలర్‌ఎడ్జ్ ఈ కోవలోవి. యాప్‌ల సీటుకు ఎస్‌ఆర్‌జీబీ నూటికి నూరు ఉంటే చాలు. పీ3 కూడా ఉంటే ఫోన్లలో కనిపించబోయే రంగులు ముందే చూసుకోవచ్చు. అసూస్ ప్రోఆర్ట్, డెల్ అల్ట్రాషార్ప్ వరసల్లో ఇలాంటివి దొరుకుతాయి.

శాతాల దగ్గర మోసపోవడం చాలా తేలిక. అట్టపెట్టె మీద 72 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ రంగుల పరిధి) అని ఉంటే తక్కువేమీ కాదు, వైశాల్యంలో అది సుమారుగా ఎస్‌ఆర్‌జీబీ అంత. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే మాత్రం దాన్ని డిజైన్ పనికి తేకూడదు. కుంకుమ రంగు ఇటుకపొడిలా కనిపిస్తుంది. 130 శాతం ఎస్‌ఆర్‌జీబీ అన్న మాటను ఇంకా జాగ్రత్తగా చూడాలి. అది పరిధి ఎంత పెద్దదో చెబుతుంది గానీ, ఎస్‌ఆర్‌జీబీలోని రంగులన్నీ అందులో ఉన్నాయో లేవో చెప్పదు. మనకు కావలసింది కవరేజ్ అంకె, అది ఎప్పుడూ వందకు మించదు.

పరిధి ఎక్కువైతే వచ్చే కష్టం కూడా ఉంది. విండోస్ డెస్క్‌టాప్, రంగుల నిర్వహణ లేని పాత సాఫ్ట్‌వేర్లు మానిటర్ ప్రొఫైల్‌ను (ఆ తెర రంగులు ఎలా చూపుతుందో చెప్పే ఫైలును) పట్టించుకోవు. వాటిలో మామూలు ఎరుపు కూడా కళ్లు జిగేల్‌మనేలా కనిపిస్తుంది. దీనికి మందు మానిటర్ మెనూలో ఉండే ఎస్‌ఆర్‌జీబీ మోడ్. అయితే కొన్ని మోడళ్లలో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ మార్చుకోవడానికి వీలుండదు, 250 నిట్ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) దగ్గర బిగుసుకుపోతుంది. కొనే ముందు ఆ మోడ్‌లోకి వెళ్లి బ్రైట్‌నెస్ కదులుతోందో లేదో తప్పనిసరిగా చూడాలి. మేం చూసిన అయిదింటిలో ఒకదాన్ని ఈ ఒక్క కారణంతోనే వదిలేశాం.

ఇక రిజల్యూషన్. ఇంగ్లిష్ అక్షరాలతో పనిచేసేవాళ్ల సలహాలు ఇక్కడ మనకు పూర్తిగా సరిపోవు. తెలుగులో ద, ధ మధ్య తేడా అడుగున ఉన్న చిన్న గీత. ప, ఫ కూడా అంతే. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. 9 పాయింట్ల అక్షరాన్ని అసలు సైజులో చూస్తే నిలువునా దానికి దక్కేవి 11 పిక్సెళ్లు. తలకట్టు, గుడి, కింద వత్తు అన్నీ ఆ పదకొండింటిలోనే ఇమడాలి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటివి నల్లటి ముద్దలవుతాయి. పెళ్లికార్డులో 'సుధ' కాస్తా 'సుద' అయినా ప్రూఫు చూసేవాళ్ల కంటికి ఆనదు. 27 అంగుళాల్లో 2560×1440 తెర అయితే అంగుళానికి 109, అదే అక్షరానికి 13 పైచిలుకు. 27 అంగుళాల 4కే (3840×2160) అయితే అంగుళానికి 163, అక్షరానికి 20 పిక్సెళ్లు. ఆ గీత జూమ్ చేయకుండానే కనిపిస్తుంది. తెలుగు టైపుతో రోజంతా పనిచేసే సీటుకు 27 అంగుళాల 4కే పెట్టడం డబ్బు దండగ కాదని నేను గట్టిగా చెబుతాను.

4కే తీసుకుంటే విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టుకోవాలి. అప్పుడు పనిచేసే చోటు 2560×1440 అంతే ఉంటుంది, అక్షరాలు మాత్రం పదునుగా వస్తాయి. ఒక మినహాయింపు ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పాత తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్ 7 మీద పని నడుస్తోంది. అది 2001 నాటి సాఫ్ట్‌వేర్, ఈ స్కేలింగ్ దానికి తెలియదు. 4కే మీద దాని మెనూలు చీమల్లా అయినా కనిపిస్తాయి, మసకగా అయినా కనిపిస్తాయి. ఆ సీటుకు 27 అంగుళాల 2560×1440 సరైనది. 32 అంగుళాల 4కే గురించి కూడా అడుగుతుంటారు. అంగుళానికి 138 వస్తాయి, బాగానే ఉంటుంది, కాకపోతే టేబుల్ లోతు రెండున్నర అడుగులైనా ఉండాలి. లేకపోతే మూలలు చూడటానికి మెడ తిప్పుతూ ఉండాలి.

ప్యానెల్ (తెర పలక) రకం విషయంలో పెద్దగా ఆలోచించనక్కర్లేదు, ఐపీఎస్ రకం తీసుకోండి. వీఏ ప్యానెల్లో నలుపు గాఢంగా ఉన్నా, తల కాస్త పక్కకు జరిపితే ముదురు ఛాయలు మారిపోతాయి. టీఎన్‌లో పైనుంచి కిందికి చూస్తే ఒకే రంగు రెండు రకాలుగా ఉంటుంది. ఓలెడ్ అందంగా ఉంటుంది గానీ, రోజుకు ఎనిమిది గంటలు ఒకేచోట నిలబడి ఉండే టూల్‌బార్ల ముద్ర కొంతకాలానికి దాని మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. వంపు తిరిగిన తెరలు, 144 హెర్ట్జ్‌లు ఈ పనికి అక్కర్లేదు. వంపు తెర మీద సరళరేఖ నిజంగా తిన్నగా ఉందో లేదో నమ్మకంగా చెప్పలేం. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 (హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడల తేడాను పెంచి చూపే పద్ధతి) అన్న ముద్రకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆ స్థాయికి లోకల్ డిమ్మింగ్ (తెరలో చోటును బట్టి వెలుగు తగ్గించే ఏర్పాటు) తప్పనిసరి కాదు, డిజైన్ పనిలో హెచ్‌డీఆర్‌ను ఆపే ఉంచుతాం.

చూడటానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి వెళ్లాం. అక్కడ చాలా దుకాణాల్లో సీలు వేసిన పెట్టెలే ఉంటాయి, తెరిచి పెట్టినవి కొన్నే. ఆ తెరిచినవి కూడా బ్రైట్‌నెస్ వందలో, వివిడ్ మోడ్‌లో, డెమో వీడియో నడుస్తూ ఉంటాయి. అలా చూసి ఏమీ తెలుసుకోలేం. "అన్నా, ఒక్కసారి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టరా? మా ల్యాప్‌టాప్ పెట్టి చూస్తం" అని అడిగితే మధ్యాహ్నం పూట, రద్దీ లేనప్పుడు, దాదాపు అందరూ ఒప్పుకున్నారు. సాయంత్రం ఆరు తర్వాత అడిగితే వాళ్లకూ కష్టమే.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి, వాటితో చూసినవి చెబుతాను. మొదటిది సున్నా నుంచి 255 దాకా నలుపు నుంచి తెలుపుకు నెమ్మదిగా మారే పట్టీ. అందులో మెట్లు మెట్లుగా గీతలు కనిపించినా, మధ్యలో గులాబీ, పచ్చ ఛాయలు తగిలినా ఆ తెరను పక్కన పెట్టాలి. రెండోది 50 శాతం బూడిద రంగు నిండిన పేజీ. దాన్ని తెరంతా పరిచి రెండడుగులు వెనక్కు జరిగి చూస్తే ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉన్నది ఇట్టే దొరుకుతుంది. మూడోది సున్నా నుంచి 20 దాకా నలుపు గళ్లు, 235 నుంచి 255 దాకా తెలుపు గళ్లు. గళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతే నల్లజుట్టు, పట్టుచీర మడతల్లోని నీడ అన్నీ పోయినట్టే. నాలుగోది 8, 9, 10 పాయింట్లలో తెలుగు పేజీ. అయిదోది ఆ పెళ్లికార్డు ఫైలు, పక్కన కార్డు. దుకాణంలో లైట్లు ఎలా ఉంటాయో మన చేతిలో లేదు కాబట్టి ఇక్కడ రంగు అచ్చంగా కలవాలని చూడలేదు. పసుపు, కుంకుమ, ముఖం రంగు ఈ మూడింటి మధ్య సంబంధం కార్డులో ఉన్నట్టే ఉందా అని మాత్రమే చూశాం. పసుపు నిమ్మపండు వైపు జరిగిన తెర, ముఖాలకు గులాబీ పూసిన తెర అక్కడే తేలిపోయాయి.

బిల్లు కొట్టే ముందు మూడు విషయాలు నోటిమాటగా కాకుండా బిల్లు మీద రాయించుకున్నాం. భారతదేశంలో చెల్లే మూడేళ్ల వారంటీ, సీరియల్ నంబరు, ఏడు రోజుల్లో ప్యానెల్ లోపం బయటపడితే మార్చి ఇస్తామన్న మాట. వెలిగిపోయిన చుక్క, చచ్చిన చుక్క ఎన్ని ఉంటే మారుస్తారన్నది కంపెనీని బట్టి మారుతుంది. అల్ట్రాషార్ప్ లాంటి కొన్ని వరసలకు ఒక్క వెలుగు చుక్క ఉన్నా మార్చే హామీ ఉంది, చాలావాటికి లేదు. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు బిల్లు మీద అది వేయించుకుంటే పన్ను జమకు వాడుకోవచ్చు.

ఆ ఏడు రోజుల మాట మాకు వెంటనే అవసరమైంది. అచ్చు సీటుకు తెచ్చిన మానిటర్ దుకాణంలో చూసిన మోడలే, కానీ పెట్టెలోంచి వచ్చిన పీసు వేరు. అరగంట వేడెక్కనిచ్చి బూడిద పేజీ పెడితే ఎడమ మూడోవంతు గులాబీ వైపు, కుడి అంచు పచ్చ వైపు కనిపించింది. కంటిని నమ్మకుండా తెరను తొమ్మిది గళ్లుగా అనుకుని కలరిమీటర్‌తో (తెర రంగును కొలిచే పరికరంతో) ఒక్కో గడి కొలిచాం. మధ్యగడికీ కుడి కింద గడికీ డెల్టా ఈ, అంటే రెండు రంగుల మధ్య తేడాను చెప్పే అంకె, 5 దాటింది. 3 దాటితే పక్కపక్కన పెట్టిన రంగుల్లో తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఆ అంకెలు ముద్రించి పట్టుకెళ్తే వాదన లేకుండా పీసు మార్చారు. రెండో పీసులో తేడా 2 లోపే ఉంది. మెనూలో యూనిఫార్మిటీ అనే సవరింపు కూడా ఉంటుంది. అది వాడితే ఇలాంటి తేడా తగ్గుతుంది గానీ, కాంట్రాస్టు పడిపోతుంది. లోపమున్న పీసును దానితో సర్దుకోవద్దు.

కేబులు దగ్గర జరిగే తప్పులు మానిటర్ మీద పడిపోతుంటాయి. పాత ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేను 30 హెర్ట్జ్‌కు మించి ఇవ్వలేదు. మౌసు ఈడ్చుకుంటూ కదులుతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి. కొన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లు హెచ్‌డీఎంఐ తగిలించగానే దాన్ని టీవీ అనుకుని 16 నుంచి 235 దాకా ఉన్న కుదించిన పరిధిలో పంపుతాయి. నలుపు బూడిదలా కనిపిస్తుంది, మానిటర్ పాడైందనుకుంటాం. డ్రైవర్ సెట్టింగుల్లో ఫుల్ రేంజ్ ఆర్‌జీబీ పెడితే సరిపోతుంది. ఇంకో పరీక్ష, నల్లటి నేల మీద సన్నటి కుంకుమరంగు తెలుగు అక్షరాలు పెట్టి చూడండి. అంచులు అలుక్కుపోయినట్టు ఉంటే సిగ్నల్లో రంగు సమాచారాన్ని కుదించి పంపుతోందని అర్థం. యాప్‌ల సీటుకు 90 వాట్లు ఇచ్చే యూఎస్‌బీ-సీ ఉన్నది తీసుకున్నాం. ల్యాప్‌టాప్ చార్జింగ్, చిత్రం ఒకే తీగతో అయిపోతున్నాయి.

కలరిమీటర్ ఖర్చును మానిటర్ బడ్జెట్‌లోనే ముందుగా పక్కన పెట్టాలి. ఇది లేకుండా అడోబ్ ఆర్‌జీబీ మానిటర్ కొనడం కంటే, ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ తీసుకుని మిగిలిన డబ్బుతో దీన్ని కొనడం మేలు. కాలిబ్రైట్, స్పైడర్ రకాలు దొరుకుతాయి. మేం చేసే క్రమం ఇది. మానిటర్ వేసి అరగంట ఆగుతాం. ఈలోగా విండోస్ నైట్ లైట్, హెచ్‌డీఆర్, మానిటర్‌లోని డైనమిక్ కాంట్రాస్ట్, ఈకో మోడ్, వెలుతురును బట్టి మారే ఆటో బ్రైట్‌నెస్ అన్నీ ఆపేస్తాం. నైట్ లైట్ మరిచిపోయి ఒకసారి మొత్తం ప్రొఫైల్ నీలంగా వచ్చింది, మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది. తర్వాత గామా (నలుపు, తెలుపుల మధ్య ఛాయల వెలుగును నిర్ణయించే అంకె) 2.2, తెలుపు 6500 కెల్విన్ పెడతాం. ఎరుపు, పచ్చ, నీలం గెయిన్లను (మోతాదులను) తగ్గించాలే గానీ పెంచకూడదు, పెంచితే వెలుగు ఛాయలు కత్తిరించుకుపోతాయి.

సాఫ్ట్‌వేర్ బ్యాక్‌లైట్ రకం అడుగుతుంది. చాలామంది ఏదో ఒకటి నొక్కేసి ముందుకెళ్తారు. మామూలు వైట్ ఎల్‌ఈడీ, విశాల పరిధి ఇచ్చే పీఎఫ్‌ఎస్ ఫాస్ఫర్, ఓలెడ్ ఒక్కోదాని కాంతి కూర్పు ఒక్కోలా ఉంటుంది. తప్పు రకం ఎంచుకుంటే పరికరం తెలుపునే తప్పుగా కొలుస్తుంది, రిపోర్టులో అంకెలు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి. కంటికి తెలుపు పచ్చగానో గులాబీగానో కనిపిస్తూ, రిపోర్టు బాగుందంటే మొదట ఇక్కడే వెతకండి. ప్రొఫైల్‌ను ఐసీసీ వెర్షన్ 2, మ్యాట్రిక్స్ రకంలో భద్రం చేస్తే పాత సాఫ్ట్‌వేర్లు కూడా సరిగ్గా చదువుతాయి. హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్ ఉన్న మానిటర్‌లో సవరణ అంతా మానిటర్‌లోపలి పట్టికలో జరుగుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయినా అది చెదరదు. రెండో సీటులో అలా కాదు, డ్రైవర్ మారిన ప్రతిసారీ ప్రొఫైల్ ఉందో లేదో చూసుకుంటున్నాం.

బ్రైట్‌నెస్ ఎంత పెట్టాలన్నది మానిటర్ ఒక్కదాన్ని చూసి చెప్పలేం. గదిలో కాగితం మీద పడే కాంతిని బట్టి చెప్పాలి. షీటు చూసే చోట 500 లక్స్ ఉంటే మామూలు తెల్ల కాగితం సుమారు 135 నిట్ల వెలుగు తిప్పి పంపుతుంది. 400 లక్స్ అయితే 108. మా టేబుల్ దగ్గర 400 చిల్లర ఉంది కాబట్టి తెరను 110 నిట్లకు కట్టాం. కొత్త మానిటర్లు 300 పైన వెలుగుతూ వస్తాయి. అదే వెలుగులో డిజైన్ చేస్తే ఫైలు తెలియకుండానే ముదురుగా తయారవుతుంది, "ప్రెస్సువాడు నల్లగా కొట్టాడు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే చల్లటి 6500 కెల్విన్ ట్యూబులైట్ల కింద అచ్చు షీటు నీలంగా కనిపిస్తుంది. ఐఎస్ఓ 3664 అచ్చు చూడటానికి డీ50 కాంతిని, దాదాపు 5000 కెల్విన్‌ను చెబుతుంది. అందుకని ఒక్క టేబుల్ మీద 5000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 95 దాటిన లైటు బిగించాం. పడమటి కిటికీకి వీపు పెట్టి ఉన్న టేబుల్‌ను తిప్పాం. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం మూడింటికి ఆ ఎండ తెర మీద పడితే ఏ క్యాలిబ్రేషనూ నిలబడదు. వెనక గోడకు ఉన్న నారింజ రంగు తీసేసి లేత బూడిద వేయించాం.

ఇదంతా అయ్యాకే ఆజమాబాద్ ప్రెస్సు నుంచి వచ్చిన షీటుతో అసలు పోలిక. ఫొటోషాప్‌లో ప్రూఫ్ సెటప్ (అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూపే ఏర్పాటు) తెరిచి ప్రెస్సు ఇచ్చిన ప్రొఫైల్ పెట్టి, పేపర్ రంగు చూపమని టిక్ చేస్తాం. ప్రెస్సు దగ్గర సొంత ప్రొఫైల్ లేకపోతే, ప్రామాణిక అచ్చు ప్రొఫైళ్లలో ఆర్ట్ పేపర్‌కు ఫోగ్రా 39, పూత లేని కాగితానికి ఫోగ్రా 47 దగ్గరగా ఉంటాయి. మొదటిసారి ఆ టిక్ పెట్టగానే తెరంతా పాలిపోయినట్టు అవుతుంది, కంగారు పడొద్దు. కొన్ని సెకన్లు వేరేవైపు చూసి మళ్లీ చూడండి. మెరిసే నీలం ఊదాలోకి జారడం ఇక్కడే ముందుగా కనిపిస్తుంది. దాన్ని ఏ మానిటరూ ఆపలేదు, నాలుగు ఇంకుల్లో ఆ నీలం లేదు. పోల్చే షీటు ఆరినదై ఉండాలి, లామినేషన్ ఉన్న జాబయితే లామినేషన్ అయినదే తీసుకోవాలి. మెరిసే (గ్లాసీ) లామినేషన్ రంగును గాఢం చేస్తుంది, మ్యాట్ కొంచెం మందగింపజేస్తుంది.

పసుపు, కుంకుమ, రామా గ్రీన్ మూడూ ఇప్పుడు తెరకూ షీటుకూ కలుస్తున్నాయి. బంగారు ఫాయిల్, వెండి ఫాయిల్ మాత్రం తెర మీద ఎప్పటికీ గోధుమరంగు, బూడిదరంగు పట్టీలే. వాటి కోసం ఫాయిల్ వేసేవాళ్ల దగ్గర మెరూన్, పసుపు, ఐవరీ కార్డుల మీద ఒక్కో రకం కొట్టించి, ఆ ముక్కల్ని మానిటర్ కింది సొరుగులో పెట్టుకున్నాం. ఫాయిల్ ఎంచుకునేటప్పుడు కస్టమర్‌కు తెర చూపించం, ఆ ముక్కలే చేతికిస్తాం.